కోలాటం కోసం చెప్పిన సాక్ష్యం

సండూరులో ఖనిజం లారీలు రాత్రీపగలూ తిరిగే రోజులవి. చర్చి కిటికీల మీద ఎర్రదుమ్ము పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ పేరుకునేది. మా సంఘంలో ఒకాయన లారీలు కొని బాగుపడ్డాడు. ఆ ఏడు క్రిస్మస్‌కు బళ్లారి నుంచి ఆర్కెస్ట్రా తెప్పిస్తానన్నాడు. పెద్దలు ఎగిరి గంతేశారు. సంఘపెద్దల్లో ఒకడైన మా నాయన అందరికంటే ముందు. ఆర్కెస్ట్రాకు స్థలం కావాలి కాబట్టి, చర్చి ముంగిట ఏటా మేం పిల్లలం వేసే కోలాటం ఈసారి వద్దన్నారు.

మా ఆట గురించి మమ్మల్ని ఒక్క మాటైనా అడగలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం లాభం, ఇంట్లో గొణగడం తప్ప అక్కనై ఉండీ నేను చేసిందేమీ లేదు. మా చెల్లెలు మాత్రం సంఘం మీటింగులో లేచి నిలబడింది. పెళ్లికాని పిల్లలు అక్కడ నోరు విప్పకూడదు. దానికింకా పదహారేళ్లు.

"సుమ్మనుండుమ్మా. పెద్దోళ్లం మాట్లాడ్తాండాం గదా" అన్నాడు నాయన.

అది కూర్చుంది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

తర్వాతి ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు సాక్ష్యాలకు పిలిచారు. దేవుడు తమకు చేసిన మేలు లేచి చెప్పుకునే సమయమది. అప్పుడు ఎవరు లేచినా, పసిపిల్లైనా సరే, మధ్యలో ఆపకూడదు. మిషన్ దొరల కాలం నుంచి వస్తున్న పద్ధతి. మా చెల్లెలు లేచింది.

"దేవుడు నాకు కాళ్లిచ్చినాడు, తాళమిచ్చినాడు. అందుకు స్తోత్రం. మా అవ్వ గనిలో రాళ్లు మోసొచ్చి, మాపటేళ మాకు కోలాటం నేర్పిచ్చింది. ఆర్కెస్ట్రా వద్దనడం లే. మేం ఆడేది ఉండాల్నా పోవాల్నా అని తేల్చే కాడ మమ్మల్నీ కూకోబెట్టుకోండి. ఇద్దరు పిల్లోళ్లు సాలు. పెద్దలకు దేవుడు ఆ మనసిస్తాడని నమ్ముతాండా."

దాని గొంతు వణకలేదు. నాతో ఒకే దుప్పటి కింద పడుకుని, బల్లిని చూస్తే కేకలేసే పిల్లేనా ఇది? సొంత చెల్లెలికి దండం పెట్టాలనిపించడం అదే మొదలు.

సాక్ష్యం ముగిశాక సంఘపెద్ద, అలాగే జరగాలన్న అర్థంలో, "ఆమెన్" అంటే సంఘమంతా అందుకోవాలి. ఆ వారం వంతు మా నాయనది. ఆయన లేచాడు. వెనక బెంచీల దాకా వినపడేట్టు "ఆమెన్" అన్నాడు. సంఘమంతా అందుకుంది, లారీలాయనతో సహా. దేవుని ఎదుట ఆమెన్ అన్నాక వెనక్కెలా పోతారు? ఆ సాయంత్రమే పండుగ ఏర్పాట్లు చూసే కమిటీలో ఇద్దరు పిల్లలకు చోటిచ్చారు. ముందు కోలాటం, తర్వాత ఆర్కెస్ట్రా అని తేలింది.

నాయన అలవాటు కొద్దీ అనేసి ఇరుక్కుపోయాడని సంఘమంతా నవ్వుకుంది. నేనూ అదే అనుకున్నాను. రాత్రి అన్నాల దగ్గర అమ్మ నవ్వాపుకోలేక అడిగింది.

"ఏంది, అలవాట్లో నోరు జారినావా?"

నాయన సంగటి ముద్ద పక్కన పెట్టి చెల్లెలి వైపు చూశాడు.

"లేదులే" అన్నాడు. "తెల్సే అంటి."