బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి

పిల్లలు గడగడా చదివేస్తుంటే నాకు అనుమానం. ఒకటి, రెండు తరగతులకు పాఠం చెప్పే మనిషి అనాల్సిన మాట కాదిది. కానీ ఆ గడగడ వెనక ఏముందో చూశాక ఇంకోలా అనలేకపోతున్నాను.

నేనుండేది తెనాలి. బడి రేపల్లె దాటాక, పెనుమూడి వైపు. పొద్దున్నే రేపల్లె ప్యాసింజరు ఎక్కి, దిగాక ఆటో పట్టుకుంటాను. ఆ ఆటోవాళ్లలో ఒకతని కూతురు మా బడిలోనే రెండో తరగతి చదువుతోంది. బడి చూడటానికి ఎవరొచ్చినా హెడ్మాస్టరుగారు ఆ పిల్లని పిలిచి చేతిలో ఒక బొమ్మల పుస్తకం పెడతారు. అది మా దగ్గర ఆనవాయితీ. పిల్ల నిటారుగా నిలబడి, తలాడిస్తూ, ఎక్కడా ఆగకుండా చదివేస్తుంది. వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టి, టీ తాగి వెళ్లిపోతారు. తండ్రి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆటో ఎక్కిన ప్రతివాళ్లకీ కూతురి చదువు గురించి చెప్పుకుంటూ నడుపుతాడు.

ఒకరోజు ఆ చదువు సాగుతుండగా పక్కన కూర్చుని పుస్తకంలోకి తొంగి చూశాను. "నెమలి డాన్సు వేస్తంది. కాకి చూసి ఏడుస్తంది" అని చదువుతోంది పిల్ల. పేజీలో ఉన్నదేమో, "మయూరం తన పింఛాన్ని విప్పి గర్వాతిశయంతో నర్తించింది" అని. అచ్చులో కాకి ఊసే లేదు, బొమ్మలో ఉంది. వచ్చినవాళ్లు వెళ్లాక పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుని, బొమ్మ మీద అరచెయ్యి అడ్డం పెట్టి మళ్లీ చదవమన్నాను. నా చెయ్యి వంక చూసింది. నా మొహం వంక చూసింది.

"చెయ్యి తియ్యండి టీచర్, కనపట్టంలా" అంది.

అక్షరాలన్నీ కనపడుతూనే ఉన్నాయి.

తప్పు పిల్లది కాదు. దానికి వర్ణమాల వచ్చు, గుణింతాలు వచ్చు. కూడబలుక్కుంటే చిన్న చిన్న మాటలూ వస్తాయి. కానీ కథంతా బొమ్మే చెప్పేస్తుంటే కూడబలుక్కునే కష్టం ఎందుకు పడుతుంది? నేనైనా పడను. పోనీ ఎప్పుడైనా కిందికి చూసిందనుకుందాం, అక్కడ గర్వాతిశయం కూర్చుని ఉంటుంది. నాకు కోపమల్లా ఆ పుస్తకాలు చేసినవాళ్ల మీద, వాటిని మా బీరువాలో నింపినవాళ్ల మీద. జూన్ వస్తే ఈ పిల్ల మూడో తరగతికి హైస్కూలుకు వెళ్లిపోతుంది. బడి ఉన్న ఊళ్లో మూడు నుంచీ అక్కడే. కిక్కిరిసిన తరగతిలో, బొమ్మ లేని పేజీ ముందు నోరు తెరవలేక నిలబడుతుంది. మొద్దు అని ఎవరో ఒకరు అంటారు. చప్పట్లకు అలవాటు పడ్డ పిల్ల ఆ మాట ఎలా తట్టుకుంటుంది? ఈలోగా దానికి సరిపడే పుస్తకం ఒక్కటంటే ఒక్కటి దొరికితే చాలని వెతుకుతూనే ఉన్నాను.

అలాంటి రోజుల్లో, చదువు మొదలుపెట్టే పిల్లలకు పుస్తకాలు ఎంపిక చెయ్యాలి రమ్మని బాపట్ల జిల్లా విద్యాశాఖ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. ఎగిరి గంతేసినంత పని చేశాను.

అక్కడ పొడవాటి బల్ల నిండా పుస్తకాలు. చుట్టూ మేము, అందరం టీచర్లమే. మిగతావాళ్లు చీరల కొట్లో బట్ట చూసినట్టు కాగితాన్ని వేళ్ల మధ్య నలిపి చూశారు. రంగులు చూశారు. మాలో పెద్దాయన ఒక మాస్టారు ఒక్కో పుస్తకాన్నీ పైకి చదివారు. ఆయన గొంతు గొప్పది, కరెంటు బిల్లు చదివినా వినబుద్ధేస్తుంది. ఆ గొంతులో ప్రతి పుస్తకమూ బాగానే ఉన్నట్టు అనిపించింది. చదవడం అవగానే అందరూ ఆఖరి పేజీ తిప్పి నీతి ఉందా లేదా చూసేవాళ్లు. నీతి ఉంటే ఎంపికైన దొంతర, లేకపోతే వెనక్కి పంపే దొంతర.

అట్టడుగు నుంచి ఒక సన్నటి పుస్తకం బయటికొచ్చింది. నలుపూ తెలుపూ గీతల బొమ్మలు. ఒక తాత గొడుగు వెతుక్కుంటాడు. "గొడుగు ఏది? మంచం కింద లేదు. బీరువా వెనక లేదు." ఒక్క ఒత్తు లేదు, పెద్ద మాట లేదు. ఆఖరి పేజీలో తాత వానలో తడుస్తూ, ఎటో చూసి విరగబడి నవ్వుతుంటాడు. ఎందుకు నవ్వుతున్నాడో బొమ్మలో లేదు. కింద ఉంది. "గొడుగు కింద దూడ ఉంది." దూడని బొమ్మలో వెయ్యలేదు! నాకు ప్రాణం లేచొచ్చింది.

"నీతి ఏదండీ ఇందులో?" అన్నారు మాస్టారు.

"పిల్ల తనంతట తను చదువుకుంటుంది మాస్టారూ. అంతకంటే ఏం కావాలండి?" అన్నాను.

"దూడ బొమ్మ వెయ్యడం కూడా మర్చిపోయారమ్మా" అన్నారాయన, జాలిగా.

"పక్కనే బడి ఉంది కదండీ, ఓ పిల్లని పిలిచి చదివించి చూద్దాం" అన్నాను.

అందరూ నవ్వారు. "పిల్లలకేం తెలుస్తుందమ్మా? మంచీ చెడ్డా చూడాల్సింది మనమే కదా" అన్నారు మాస్టారు. నవ్వుతూనే, ఆప్యాయంగానే అన్నారు. అందుకే ఇంకా మండింది. ఈలోగా పులిహోర పొట్లాలు వచ్చాయి. అందరూ చేతులు కడుక్కోవడానికి లేచారు. గొడుగు పుస్తకం వెనక్కి వెళ్లే దొంతరలోకి పోయింది, నెమలిలాంటివన్నీ ఎంపికైపోయాయి. ఆ గొడుగుది నేను తీసుకెళ్తానండి అంటే, దానికేం తీసుకెళ్లమ్మా అన్నారు. తెనాలి వచ్చేదాకా రైల్లో నాలో నేనే పోట్లాడుకున్నాను. అక్కడ అనాల్సిన మాటలన్నీ, ఎప్పట్లాగే, చుండూరు దాటాక తట్టాయి.

మర్నాడు బడి వదిలాక పిల్లని ఉండమని, ఆ పుస్తకం చేతికిచ్చాను. అలవాటు కొద్దీ గడగడా మొదలుపెట్టింది. "తాత... తాత వంగాడు..." అని ఆగిపోయింది. ఎందుకు వంగాడో బొమ్మ చెప్పట్లేదు. చిరాకు పడింది, పుస్తకం మూసింది, బాలేదంది. కాసేపటికి తనే తెరిచి అక్షరం మీద వేలు పెట్టింది. "గొ... డు... గు. గొడుగు." చెమటలు పట్టాయి పాపం. మంచం దగ్గర సున్నా మింగేసి, మళ్లీ వెనక్కొచ్చి దిద్దుకుంది. ఆఖరి పేజీ చదివి, మళ్లీ చదివింది. అప్పుడు నవ్వింది చూడండి.

"దూడకి గొడుగంట టీచర్!"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. మొదటి పేజీ తిప్పి, చెప్పకుండానే మళ్లీ మొదలుపెట్టింది. అప్పుడే తండ్రి కూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వింటున్నకొద్దీ అతని మొహం వాడిపోయింది.

"ఇదేంటండి మేడంగారూ! మొన్నటిదాకా గడగడా చదివేది కదండి. ఇప్పుడిలా నత్తినత్తిగా అయిపోయిందేంటండి?"

"ఇప్పుడే చదువుతోందండి. ఇన్నాళ్లూ చదవలేదు" అన్నాను.

అతనికి ఎక్కలేదు. ఎలా ఎక్కుతుంది, చప్పట్లు కొట్టినవాళ్లందరూ పెద్ద పెద్దవాళ్లాయె. "హైస్కూల్లో ఇట్టా చదివితే నవ్వరండీ? ఆ రంగుల పుస్తకాలే ఇవ్వండి దీనికి" అని, కూతురి భుజం పట్టుకున్నాడు. "పదమ్మా, పొద్దుపోతంది."

పిల్ల కదల్లేదు. పేజీ మీది వేలు తియ్యలేదు, తలెత్తలేదు.

"ఆగు నాన్నా" అంది. "నవ్వొచ్చేది ఇంకా రాలా."