కాడుగోడి పెరట్లో రూబార్బ్

మొన్న బెంగళూరు బెళ్ళందూరులో ఒక పెద్ద అంగడిలో, కూరగాయల అరలో ఎర్రటి కాడలు ప్లాస్టిక్ కాగితం చుట్టి కనిపించాయి. రూబార్బ్ అని రాసి ఉంది. "ఇవి ఫారిన్‌వి ఆంటీ, మన దగ్గర పెరగవు" అంది అక్కడి అమ్మాయి. నాకు నవ్వొచ్చింది. పాతికేళ్ల కిందటే మా పిన్ని, అమ్మ చెల్లెలు, వీటితో పప్పు చేసి నాకు పెట్టింది.

తొంభైల చివరి మాట. నేను మడివాళలో పీజీ హాస్టల్లో ఉంటూ కొత్తగా ఉద్యోగం చేసేదాన్ని. ఆదివారమైతే చాలు, కాడుగోడిలో పిన్ని ఇంటికి పోయేదాన్ని. చిన్నాన్న పోయి ఏడాది దాటింది. ఇల్లూ, వెనక పెరడూ పిన్ని పేరునే ఉన్నాయి. ఆమె బడిలో పంతులమ్మ. అక్కడే పనిచేసి రిటైరైన ఒక ఆంగ్లో-ఇండియన్ టీచరమ్మ వెళ్తూ వెళ్తూ రూబార్బ్ విత్తనాల పొట్లం ఇచ్చి, ఇది చలిదేశపు మొక్క, తను ఎన్నిసార్లు వేసినా ఇక్కడి ఎండకు చచ్చిపోయిందని చెప్పిందట. "చచ్చేదీ బతికేదీ ఎండాకాలంలో చూస్తాములే" అని పిన్ని ఆ వారమే వేసింది.

చలికాలమంతా మొలకలు గారాబంగా ఎదిగాయి. దుంప బలపడేదాకా, మొదటి ఏడాది కాడ కోయకూడదు. పైగా ఆకు విషం, కాడ ఒక్కటే తినాలి. "ఆకు పారేసి కాడ తినే ఆకుకూర యాడన్నా ఉండాదా?" అని పక్కింటావిడ బుగ్గ నొక్కుకుంది. మార్చి వచ్చేసరికి ఆకులు వాడి వేలాడాయి. పిన్ని కర్రలు పాతి, తన పాత నేతచీర పందిరిలా కట్టి, బడికి పోయే ముందూ వచ్చాకా నీళ్లు చల్లేది. అయినా సగం పోయాయి. వానల్లో నీళ్లు నిలిచి దుంపలు కుళ్లుతుంటే, మిగిలినవాటిని ఎత్తు మడిలోకి మార్చింది. మొక్క చచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "చెప్తిమి కదా" అనేవాళ్లు. ఆమె చేతికంటిన మన్ను దులుపుకొని లోపలికి పోయేది.

చిన్నాన్నకు అన్న ఉండేవాడు. ఆ పెరట్లో అద్దెగదులు కట్టాలని ఆయన కోరిక. ఒంటరి ఆడదానికి అంత జాగా ఎందుకని బంధువుల ముందు అనేవాడు. పిన్ని వద్దంటూనే ఉంది. ఆయన దాన్ని మొహమాటం అనుకున్నాడు. రెండో చలికాలంలో ఒక ఆదివారం పొద్దున మేము కాఫీ తాగుతుంటే, కంకర జల్లి లారీ సందులోంచి వెనక్కి వెనక్కి వచ్చి పెరటి గేటు దగ్గర ఆగింది. వెంట ఆయన. పిన్ని గ్లాసు కింద పెట్టి, కుర్చీ ఎత్తుకుపోయి గేటుకు అడ్డంగా వేసుకొని కూర్చుంది.

"ఏమ్మా, ఈ కాడల కోసరం పని నిలబెడతావా?" అన్నాడాయన.

"కాడల కోసరం కాదు బావా. జాగా నాది. నన్ను అడగకుండా మీరు రాయి దించేదానికి లేదు."

"నీ మంచికే కదమ్మా చేస్తాండేది!"

"నా మంచి నాకు తెలుసు."

నేనూ పోయి ఆమె పక్కన నిలబడ్డాను. పిన్ని డ్రైవరు వైపు తిరిగి "లారీ తీయప్పా, మొక్కలకు పొగ తగుల్తాండాది" అంది. అతను ఆయన్ని చూశాడు, ఈమెను చూశాడు, గేరు మార్చి వెళ్లిపోయాడు.

ఆ చలికాలం చివర్లో తొలి కాడలు కోసింది. కందిపప్పులో వేసి, ఎండుమిర్చీ వెల్లుల్లీ తిరగమాత పెట్టింది. చింతపండు అక్కర్లేదు. ఆ పులుపు గోంగూరదీ కాదు, చుక్కకూరదీ కాదు. ఒక గిన్నెడు బావగారింటికీ పంపింది. రాజీకొచ్చావా అని అడిగాను. "రాజీ లేదు ఏమీ లేదు. బతికినాయని తెలియాల గదా!" అంది.

ఆ మొక్కలు ఇంకొన్నేళ్లుండి ఒక గట్టి ఎండాకాలంలో పోయాయి. పిన్ని ఎక్కణ్ణుంచో మళ్లీ విత్తనం తెప్పించి వేసింది. ఇక్కడ పెరగదన్న వాళ్ల మాటే చివరికి నిజం కావచ్చు. ఆ చివరికి ముందున్న ఏళ్లు మాత్రం మా పిన్నివే.