జున్నుకు మేనమామ సంబంధం

సూర్యనారాయణ గారి కుక్కకు సంబంధం కుదిరిందన్న వార్త తార్నాకలోని ఆ వీధిలో పాల పాకెట్ల కంటే ముందే ఇంటింటికీ చేరింది. నిజానికి కుక్క ఆయనది కాదు, కూతురు సుధామయిది. కానీ ఆ ఇంట్లో వస్తువు ఎవరిదైనా నిర్ణయం మాత్రం ఆయనదే. యూనివర్సిటీ వర్క్‌షాపులో ముప్ఫై నాలుగేళ్ళు లేతు మిషను మీద పనిచేసి రిటైరైన మనిషి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని వాదించి ఊరుకోడు, కావాలంటే నాలుగోది కోసి మరీ చూపిస్తాడు.

సుధామయికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. యూనివర్సిటీ లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పని. ఆమెకు చెవులు వినబడవు. ఏడాదిన్నర వయసులో పెద్ద జ్వరం వచ్చి పోయాయని ఇంట్లో అందరూ చెప్పే మాట. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. తనూ మాట్లాడుతుంది గానీ ఆ గొంతు ఇంట్లోవాళ్ళకే అర్థమవుతుంది. బయటివాళ్ళకు ఫోనులో టైపు చేసి చూపిస్తుంది. పెళ్ళిచూపులకని నాలుగు సంబంధాలు వచ్చి కాఫీలు తాగి వెళ్ళాయి. ఐదోది రాబోతుంటే ఆమే వద్దని ఆపేసింది.

జున్నుని మూడేళ్ళ క్రితం కొల్లేటి పక్కనున్న తమ ఊరినుంచి సూర్యనారాయణే సంచిలో వేసుకుని తెచ్చాడు. జోనంగి జాతి. ఒంటిమీద వెంట్రుక ఉందా లేదా అన్నట్టు నున్నగా ఉంటుంది, నుదుటిమీద ముడతలు. అన్ని కుక్కల్లా మొరగదు, రాగం తీస్తుంది. ఆ రాగం సుధామయి ఏనాడూ వినలేదు. జున్ను గొంతు కింద అరచెయ్యి పెట్టి అది కోపమో, ఆకలో, సంబరమో చెప్పేస్తుంది.

"మా నాన్న ఎనిమిది వందల బాతుల్ని మేపేవాడు. ఒక్క జోనంగి చాలు, మొత్తం మందని మళ్ళించుకొచ్చేది" అని సూర్యనారాయణ కనబడినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఇప్పుడు ఆ పొలాలన్నీ చేపల చెరువులయ్యాయి. బాతులవాళ్ళు పోయారు. వాళ్ళతోపాటే కుక్కలూ పోయాయి. ఆయన లెక్కన ఊళ్ళో మిగిలినవి ఏడు. "ఇది కూడా పిల్లల్ని పెట్టకుండా పోయిందంటే మా నాన్న కల్లోకొచ్చి చెప్పు తీస్తాడు" అనేవాడు. నవ్వుతూ అన్నా, అందులో నిజంగానే భయం ఉండేది.

ఈసారి జున్ను ఎదకొచ్చింది. పదో రోజునుంచి పదమూడో రోజు దాకా మంచి సమయమని పశువుల డాక్టరు చెప్పాడు. సూర్యనారాయణ ఊరికి ఫోను కొట్టాడు. శుక్రవారం తెల్లవారేసరికి ఆయన పినతల్లి కొడుకు బుచ్చిబాబు ముషీరాబాద్ చేపల మార్కెట్టుకు వచ్చే లారీలో మగకుక్కని ఎక్కించుకుని దిగాడు. దాని పేరు భీముడు. ఆదివారం మధ్యాహ్నం అదే లారీలో వెనక్కి వెళ్ళాలి.

"ఇది జున్ను తల్లికి తోడబుట్టినవాడే అన్నయ్యా! ఒకే కాన్పు" అన్నాడు బుచ్చిబాబు.

"మేనమామ! ఇంతకంటే మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుంది?" అని సూర్యనారాయణ తొడ చరుచుకున్నాడు.

అందరూ నవ్వారు. సుధామయి తల్లి కమలాదేవి మాత్రం కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకు సూర్యనారాయణ స్వయానా మేనమామ. పెళ్ళయి నలభై ఐదేళ్ళయినా ఆయన్ని ఇప్పటికీ 'మావయ్యా' అనే పిలుస్తుంది. పై గదిలో అద్దెకుండే జ్యోతిర్మయి కూడా నవ్వబోయి ఆపుకుంది. ఆ అమ్మాయి యూనివర్సిటీలో జన్యుశాస్త్రం పరిశోధన చేస్తోంది.

శనివారం పొద్దున్న సుధామయి జున్నుని తీసుకుని క్యాంపస్‌లోకి వెళ్తే జ్యోతిర్మయి వెంట వచ్చింది. ఆర్ట్స్ కాలేజీ దాటేసరికి ఊరకుక్కలు నాలుగు వెనక పడ్డాయి. సుధామయి గొలుసుని చేతికి మూడు చుట్లు చుట్టుకుంది. ఒకటి మరీ దగ్గరికొస్తే జ్యోతిర్మయి చెప్పు తీసి విసిరింది. ఆ చెప్పు తెచ్చుకుని, ఎదురుగా నిలబడి, పెదవులు కనబడేలా నిదానంగా మాట్లాడింది.

"అక్కా, నేను చెప్తే అంకుల్ కోపానికొస్తడు. గింత దగ్గర రక్తం కలిస్తే లోపల దాగున్న రోగాలు బయటపడ్తయి. అన్నింటికీ గట్లయితదని కాదు. గుండెజబ్బు రావొచ్చు, ఫిట్స్ రావొచ్చు..." అని ఆగిపోయింది. తల వంచి చెప్పు తొడుక్కుంది.

సుధామయి ఫోను తీసి ఒకే మాట టైపు చేసి ఆమె మొహం ముందు పెట్టింది. "చెవుడు."

జ్యోతిర్మయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సారీ అక్కా. ఇంకో ఆర్నెల్లు ఆగితే వేరే ఊర్ల రక్తసంబంధం లేని మగకుక్క దొరుకుతదేమో చూస్త. నాకు తెలిసినోళ్ళున్నరు."

సుధామయికి అది కొత్త విషయం కాదు. లైబ్రరీలో పదిహేనేళ్ళ క్రితమే అలాంటి పుస్తకమొకటి చదివింది. జ్వరం కథ ఎందుకు పుట్టిందో ఆనాడే అర్థమైంది. కానీ ఇంట్లో ఏనాడూ అడగలేదు. అడిగితే అమ్మా నాన్నా ఒకరి మొహం ఒకరు చూసుకోలేరని జాలి. అయినా ఇప్పుడు ఆమెకు నిజంగానే భయం వేసింది. చెవిటి కుక్కపిల్లలు పుడితే ఈ ఊళ్ళో ఎవరు తీసుకుంటారు? బండి హారను వినబడని కుక్క తార్నాక చౌరస్తాలో ఎన్ని రోజులు బతుకుతుంది? నాన్నకి వద్దని చెప్పాలనే ఇంటికి వచ్చింది.

గోడలకు చెవులుంటాయంటారు. ఆ ఇంట్లో మాత్రం చెవులకంటే కళ్ళతోనే ప్రమాదం. సాయంత్రం పెరట్లో బట్టలు తీస్తున్న సుధామయికి వంటింటి కిటికీలోంచి తల్లి మొహం కనబడింది. పక్కన జ్యోతిర్మయి ఉంది, పొద్దున్నటి మాటే ఆమెకూ చెప్పినట్టుంది. కమలాదేవి పెదవులు స్పష్టంగా కదిలాయి.

"ముందే తెలిసుంటే నేనీ పెళ్ళి చేసుకునేదాన్నా తల్లీ!"

సుధామయి చేతిలో బట్టలు అలాగే ఉండిపోయాయి. ఆ పెళ్ళి లేకపోతే తను లేదు. అంటే తను లేకుండా ఉంటే బాగుండేదని అమ్మ ఇన్నేళ్ళూ అన్నం కలిపి పెడుతూ, జడ వేస్తూ అనుకుంటూనే ఉందన్నమాట. ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. తిన్నగా తండ్రి దగ్గరికి వెళ్ళింది.

"కానివ్వండి నాన్నా. చెవిటివి పుడితే అన్నింటినీ నేనే పెంచుతాను."

సూర్యనారాయణకు మొదటి మాట తప్ప మిగతాది పట్టలేదు. బుచ్చిబాబుతో చెప్పడానికి అప్పుడే లేచాడు.

ఆదివారం పొద్దున్న పెరట్లో గేటు మూశారు. భీముడు మంచి కుక్కే, తోక ఆడిస్తూ వచ్చింది. జున్ను చతికిలబడింది. లేపితే మళ్ళీ కూర్చుంది. మూడోసారి భీముడు దగ్గరికొస్తే చెవి కొరికి రక్తం తెచ్చింది.

"మొదటిసారి కదా, బెదురు. మూతికి గుడ్డ కట్టి తల పట్టుకుంటే అదే నిలబడుతుంది" అన్నాడు బుచ్చిబాబు.

"సుధా, నువ్వు పట్టుకో. నీ దగ్గరైతే కదలదు" అన్నాడు తండ్రి. గుడ్డ తనే కట్టాడు. పన్నెండు గంటలకు లారీ.

సుధామయి మోకాళ్ళ మీద కూర్చుని జున్ను తలని గుండెకు అదుముకుంది. అరచెయ్యి గొంతు కింద పెట్టింది. అక్కడ తెలిసింది ఆకలీ కాదు, కోపమూ కాదు. మూడేళ్ళలో ఎప్పుడూ తెలియని వణుకు, ఆగకుండా వస్తోంది. వదిలెయ్యాలని చేతులకు తెలుసు. నిన్నటి కోపం వదలనివ్వలేదు. పళ్ళు బిగబట్టి ఇంకా గట్టిగా పట్టుకుంది.

భుజం మీద తడి చెయ్యి పడింది. తలెత్తితే కమలాదేవి. చేతులకు దోసెల పిండి.

"వదులు" అంది.

"కమలా, నువ్వు లోపలికెళ్ళు" అన్నాడు సూర్యనారాయణ.

"నన్నూ ఇలాగే పట్టుకున్నారు మావయ్యా" అంది కమలాదేవి. "పీటల మీదకి రానని వసారా స్తంభం పట్టుకుంటే మా అమ్మ ఒక చెయ్యి, అమ్మమ్మ ఒక చెయ్యి లాగారు. నాకు పదహారేళ్ళు. చదువుకుంటానన్నాను. ఎవరైనా అడిగారా?"

బుచ్చిబాబు భీముడి గొలుసు పట్టుకుని గేటు దాకా జరిగాడు. కమలాదేవి కిందకి కూర్చుని, పిండి చేత్తోనే కూతురి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"నిన్న కిటికీలోంచి నువ్వు చూశావు. నాకు తెలుసు. రాత్రంతా నా వైపు తిరిగి పడుకోలేదు. పెళ్ళి వద్దనుకున్నానే పిచ్చిదానా, నిజమే. నిన్ను వద్దనుకున్న రోజు ఒక్కటి లేదు. నేను వద్దన్నది చేసి, నాకు కావలసినదాన్ని ఇచ్చారు. అది ఎలా చెప్పాలో నాకు చేతకాలేదు."

సుధామయి చేతులు వాటంతటవే వదులయ్యాయి. గుడ్డ ముడి విప్పింది. జున్ను ఒక్క దూకు దూకి బట్టలు ఉతికే బండ వెనక్కి పోయింది. తల్లి మెడ చుట్టూ చేతులు వేసి సుధామయి ఏడ్చింది. ఆ గొంతు వీధంతా వినబడి ఉంటుంది, వినబడనీ.

"ఈసారికి వద్దు బాబాయ్. తీసుకెళ్ళండి" అంది తర్వాత. బుచ్చిబాబుకు ఆ గొంతు ఎప్పుడూ అర్థం కాదు. ఆ పూట అర్థమైంది. భీముడిని తీసుకుని బయటికి నడిచాడు.

సూర్యనారాయణ బండ మీద కూలబడ్డాడు. కమలాదేవి ఆయన వైపు చూడకుండా పంపు దగ్గర చేతులు కడుక్కుంటోంది. ఆయన తల వంచుకుని, ఊపిరి వదిలినంత నెమ్మదిగా, పెదవులు కదిపాడు. పంపు శబ్దంలో ఆ మాట భార్యకి చేరే అవకాశం లేదు. చేరాలని ఆయన అన్నాడో లేదో కూడా తెలియదు.

నేలమీదే కూర్చున్న సుధామయి ఆ పెదవులు చూసింది. లేచి వెళ్ళి పంపు కట్టేసింది.

"అమ్మా, నాన్ననీ ఎవరూ అడగలేదట."