ఇంటికి పెట్టిన వంకలు

కొత్తగా ఉద్యోగం వచ్చిన ఏడాది మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ స్టోర్స్‌లో గుమస్తాగా చేరిన ఆ కాలంలో నేనూ అలాంటివాణ్ణే. ఇంట్లో ఎవరు ఏ మాట మొదలుపెట్టినా దాన్ని నేనే ముగించేవాణ్ణి. (ఇప్పుడు ఎవరైనా ఏదైనా అడిగితే కాస్త ఆలోచించి, తెలియదంటాను.) ఆ ఏడే మా బాపు, అంటే మా నాన్న, బొగ్గుబాయి నుంచి రిటైరు కావలసి వచ్చింది. మా దగ్గర బావినీ, గనినీ కూడా బాయి అనే అంటారు. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలి. నాకు క్వార్టర్ ఇవ్వాలంటే నా ముందు చాలామందే ఉన్నారు. పుట్టి పెరిగిన ఆ రెండు గదులు వదిలి ఎక్కడికి పోవాలని మేం తర్జనభర్జన పడుతుంటే, అమ్మ ఒకటే మాట అన్నది: పట్నంలో వద్దు, ఏదైనా పల్లెలో, పెరట్లో నీళ్లున్న ఇల్లు కావాలి. క్వార్టర్లో నల్లా ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో అని ఆమె బిందెలు పట్టుకుని ఎదురుచూడటంతోనే సగం వయసు గడిచిపోయింది.

రామగిరి వైపు ఒక పల్లెలో అలాంటి ఇల్లు అమ్మకానికి ఉందని మా బావ కబురు తెచ్చాడు. బావ అంటే మా అక్క మొగుడు, పంక్చర్ల షాపు ఆయనది. ఇల్లు ఎన్నడూ కొనకపోయినా పాత ఆటోలు కొని అమ్మిన అనుభవం బాగా ఉంది కాబట్టి, బేరం సంగతి తనకు వదిలేయమన్నాడు. ఒక ఆదివారం పొద్దున మమ్మల్ని తన ఆటోలోనే ఎక్కించుకుని, దారి పొడవునా పాఠం చెప్పాడు. “నచ్చినా నచ్చనట్టే ఉండాలె. మంచిగున్నదని ఒక్కలు గూడ అనద్దు.” బాపుకు అబద్ధం చేతకాదు కనుక అసలు నోరు తెరవకూడదు. అమ్మ నవ్వకూడదు. వంకలు పెట్టే పని నాది. నేను డిగ్రీ చదివానని బావ లెక్క, నా నోటికి ఆనకట్ట లేదని అమ్మ లెక్క.

ఇంటాయన పెద్ద వయసు రైతు. ఆయన పొలం ఓపెన్‌కాస్ట్ గని కింద పోయింది. మంథని అవతల భార్య పుట్టిన ఊళ్లో కొత్తగా భూమి తీసుకున్నాడు, అందుకని ఈ ఇల్లు అమ్మి అక్కడికి మారుతున్నారు. నేను ‘కాకా’ అని, అంటే బాబాయి అని, వరస కలిపాను. పెంకుటిల్లు, ముందు వెడల్పాటి వసారా, వెనక జామచెట్టు, రాతి బావి. అమ్మ ఇల్లు చూడనే లేదు. నేరుగా బావి దగ్గరికి పోయి ఒక చేద తోడి కాళ్ల మీద పోసుకుని, అక్కడే నిలబడిపోయింది. ఆమె మొహంలో నవ్వు మొదలవడం చూసి బావ గట్టిగా దగ్గాడు. అది నాకు సైగ.

నేను మొదలుపెట్టాను. వసారాలో ఎండ పడుతున్నదన్నాను. ఎండ పడని గదిలోకి పోయి చీకటిగా ఉన్నదన్నాను. గుమ్మం మరీ పొట్టిగా ఉన్నదన్నాను (తల వంచకుండానే దాటాను, అది వేరే సంగతి). గోడలు మందంగా ఉండి స్థలమంతా తింటున్నాయని, మృగశిర గాలికి పెంకులు నిలవవని, జామచెట్టు ఆకులు రాలుస్తుందని చెప్పాను. బావ కళ్లలో మెప్పు కనిపించిన కొద్దీ నాకు కొత్త వంకలు దొరికాయి. కాక మాత్రం నా వెనకే నడుస్తూ, నేను తప్పుపట్టిన ప్రతిదాన్నీ ఒకసారి చేత్తో తాకి చూశాడు. ధర దిగుతున్నదని నేను లోలోపల సంబరపడ్డాను.

కాక భార్య చాయ్ తెచ్చింది. కాక మంచం మీద కూర్చుని నెమ్మదిగా అన్నాడు: “నిజమే బిడ్డా. ఇన్నేండ్లు దీంట్లనే ఉండి మేం చూసుకోలే. గిన్ని లోపాలున్న ఇల్లు మీ నెత్తిన పెడితే రేపు మీ అమ్మ మమ్ముల తిట్టుకుంటది. ఈ ఇల్లు నేనమ్మను. చాయ్ తాగి పోండ్రి.”

లోపాలున్నా సర్దుకుంటామని బావ ఎంత బతిమాలినా కాక వినలేదు. పైగా, పక్క ఊళ్లో ఇంతకంటే మంచి ఇల్లు ఒకటి ఉందని దయతో దారి కూడా చెప్పాడు. ఆయన అమాయకుడో, మమ్మల్ని ఆటపట్టించాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ వారమంతా అమ్మ నాతో మాట్లాడలేదు. గిన్నెలు మాత్రం గట్టిగా మాట్లాడాయి. క్వార్టర్ అప్పగించే గడువు దగ్గరపడుతున్నది.

మళ్లీ ఆదివారానికి బావ కొత్త ఉపాయంతో వచ్చాడు. ఈసారి అదే ఇంటికి పోయి పొగడాలట. నేను అదీ చేశాను. ఎండ పడే వసారా చలికాలానికి వరమన్నాను. రామగుండం ఎండలకు ఆ చీకటి గదిని మించింది లేదన్నాను. ఇలాంటి గోడలు ఇప్పుడు ఎవరు కడుతున్నారని కాకనే ఎదురడిగాను. తలుపు చాటున వింటున్న కాక భార్య బయటికి వచ్చింది. ఆమెకు మొదటి నుంచీ ఆ ఇల్లు వదలడం ఇష్టం లేదట.

“నేను గదే అంటున్న. ఇనెటోడు లేకపాయె,” అన్నది మొగుడితో.

“ఔ మల్ల. చదువుకున్న పిలగాడే ఇంత మంచిదంటుండు. మనమెందుకు అమ్ముడు?” అన్నాడు కాక.

బావ పోయి ఆటోలో కూర్చున్నాడు. నాకు పొగడ్తలూ అయిపోయాయి, వంకలూ అయిపోయాయి.

అప్పుడు బాపు, రెండు ప్రయాణాల్లోనూ పెదవి విప్పని మనిషి, పోయి కాక పక్కన మంచం మీద కూర్చున్నాడు. “మావోని మాటలు ఇడిచిపెట్టు అన్నా. నీ భూమి పోయింది, నా కోటరు పోతది. ఇద్దరం లేవాల్సినోళ్లమే. ఇల్లు మాకు నచ్చింది. నా చేతిల ఉన్నదెంతో చెప్త, నీకు సరైతే సరే.” చెప్పేశాడు కూడా. ఆటోలోంచి బావ మూలుగు వినిపించింది.

కాక తన భార్య వైపు చూశాడు. ఆమె ధర సంగతి పక్కన పెట్టింది. మా అమ్మను అడిగింది: “ఎండకాలం ముందల బాయి పూడిక తీపియ్యాలె. తీపిస్తరా?”

“తీపిస్తం అక్కా,” అన్నది అమ్మ. “ఈయన బతుకంత బాయిలనే అయిపాయె. దీన్నొక్కదాన్ని ఇడిచిపెడ్తడా?”

ఆమెకు నవ్వొచ్చింది. అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, అంతవరకు మాకెవరికీ చూపించని వంటిల్లు చూపించింది. కాసేపటికి కాక, మర్యాద కోసమన్నట్టు, బాపు చెప్పినదానికి ఇంకొంచెం కలపమన్నాడు. బాపు కలిపాడు. బేరం అంతే.

మేం బయలుదేరుతుంటే కాక నన్ను పిలిచి, ఏం కొలువు చేస్తున్నావని అడిగాడు. స్టోర్స్‌లో గుమస్తానన్నాను. “మంచిదే బిడ్డా. వకీలువు కాకపోవుడే మంచిగయింది,” అన్నాడు. ఆ మాటకు బాపు నవ్వాడు, అమ్మ నవ్వింది, చివరికి బావ కూడా నవ్వాడు. నాకు మాత్రం అందులో నవ్వేందుకేముందో ఆ రోజు అర్థం కాలేదు.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, పరాయివాళ్ల వసారాలో చేతులు ఊపుతూ ఉపన్యాసమిచ్చిన ఆ పిల్లవాడు ఈ మధ్య తరచుగా గుర్తుకొస్తున్నాడు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, కాసేపు ఊరకుండరా అని చెప్పాలనిపిస్తుంది. వినడని తెలుసు. అయినా వాడంత నమ్మకంగా నేను ఈ మధ్య దేని గురించీ మాట్లాడింది లేదు.