మా ఇంట్లో మగ్గం పండుకునేది

మా చిన్నప్పుడు... వరంగల్ కొత్తవాడలో మా ఇంటి ముందు గది మాది కాదు, మగ్గానిది. మా బాపు, నానమ్మ దాని మీద జంపఖానాలు నేసేవాళ్ళు. మేమంతా వెనక గదిలో సర్దుకునేవాళ్ళం.

ఎనిమిదో తరగతిలో ఇంగ్లిష్ మేడమ్ సిమిలీ, మెటఫర్, పర్సానిఫికేషన్ మొదలుపెట్టింది. ప్రాణం లేనిదాన్ని మనిషిలా చెప్తే పర్సానిఫికేషన్... గైడ్ చూసి బట్టీ పట్టి, రాగం తీస్తూ గడగడా అప్పజెప్పేవాళ్ళం. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

మేడమ్‌కి ఒళ్ళు మండింది. "గైడ్‌లు లోపల పెట్టుండ్రి. రేపు తలా ఒక ఉదాహరణ చెప్పాలె. మీ ఇంట్ల ఎవరన్నా అన్న మాటనే కావాలె. గైడ్‌లది చెప్పినోళ్ళు పీరియడ్ అయ్యేదాక నిలబడుతరు" అంది.

నాకొచ్చింది చిక్కు... మా ఇంట్లో మాటలన్నీ మగ్గం చుట్టూనే. మాది మగ్గం ఇల్లని క్లాసులో ఎవరికీ చెప్పలేదు. బట్టల షాపు వాళ్ళమ్మాయి పక్కన కూర్చుని, మా బాపుది బిజినెస్ అని కోతలు కోసేదాన్ని.

ఆ సాయంత్రం నేనూ తమ్ముడూ ముందు గదిలో దూకుతున్నాం. నానమ్మ పని ముగించి, మగ్గం మీద పాత దుప్పటి కప్పి, రోజూ అనేదే అంది. "మెల్లగ నడువుండ్రి బిడ్డా, మగ్గం పండుకున్నది. లేపకుండ్రి."

పుట్టినప్పటి నుంచీ విన్న మాటే... ఆ రోజు మాత్రం నా కాళ్ళు ఆగిపోయాయి.

మర్నాడు నా వంతు రాగానే తల దించుకుని ఆ మాటే చెప్పేశాను. ఎవరో కిసుక్కున నవ్వారు.

"మీ ఇంట్ల మగ్గం ఉన్నదా?" అంది షాపు వాళ్ళమ్మాయి.

"ఉన్నది" అన్నాను. అంతే... ఎన్నాళ్ళ బరువో దిగిపోయింది.

మేడమ్ నవ్వలేదు. నానమ్మ మాటను ఉన్నదున్నట్టు, తెలుగులోనే బోర్డు మీద రాసింది. వెంటనే వెనక బెంచీలోంచి, పరకాల నుంచి వచ్చే అబ్బాయి లేచి, "మా తాత బోరు అలిగిందంటడు మేడమ్" అన్నాడు. ఇక చూడండి... ఒకరింట్లో స్కూటర్ మొండికేసింది, ఒకరింట్లో పొయ్యి మాట వినలేదు. ఆ రోజు ఎవరూ నిలబడలేదు.

ఇంటికొచ్చి చెబితే నానమ్మ నూలు చుట్టడం ఆపకుండానే, "దానికి గూడ పేరున్నదా? నేనేదో ఉత్తగ అంట గద బిడ్డా" అంది.

మొన్న మా అమ్మాయికి అవే పాఠాలు. ఫోన్‌లో చూసి చకచకా రాసుకుంటుంటే నానమ్మ మాట చెప్పాను. అదీ రాసుకుని, "మమ్మీ, మగ్గం ఎట్లుంటది?" అని అడిగింది. మనసు చివుక్కుమంది... మా పుట్టింటి ముందు గదిలో ఇప్పుడు రెండు బైకులుంటున్నాయి.

ఆదివారం కొత్తవాడ తీసుకెళ్ళాను. మా పెద్దమ్మ వాళ్ళింట్లో ఇంకా మగ్గం ఉంది. మేం వెళ్ళేసరికి దుప్పటి కప్పి ఉంది.

గడప దగ్గరే నా కూతురు చెప్పులు విప్పేసి, చప్పుడు కాకుండా మునివేళ్ళ మీద లోపలికి నడిచింది.

మీ ఇళ్ళల్లో ఏవి అలిగేవి, ఏవి పండుకునేవి? రాయండి... మా అమ్మాయికి చదివి వినిపిస్తాను.