మట్టిరాజు మాట సెల్‌ఫోన్లలో పడ్డాక

చిత్తూరు దగ్గరి పల్లె మాది. మా జాతరలో ఆఖరి రోజు మట్టిరాజును పడగొట్టే ఆట ఉంటుంది. మైదానంలో రాజు వెల్లకిలా పడుకున్నట్టు పెద్ద బొమ్మను మట్టితో చేసి, దాని తొడలో ఎర్రనీళ్ల కుండ దాచిపెడతారు. రాజు వేషగాడు బొమ్మ చుట్టూ తిరిగి తిరిగి, చివరికి దాని రొమ్ము మీదికెక్కి, "నేనింగా పడలేదురా!" అని అరుస్తాడు. ఆ మాట వినగానే, రాజుకు శత్రువైన గద వేషగాడు కుండ పగలగొట్టాలి. రాజు వెనక్కి వాలిపోతాడు. పొద్దుటినుంచి పస్తున్న ఆడవాళ్లు అప్పుడు కళ్లు తుడుచుకుని, ఆ మట్టి కొంచెం కొంగున కట్టుకుపోయి అన్నం తింటారు.

రాజు వేషం మా బావది. మామూలు రోజుల్లో ఆయన టైలరు.

సెల్‌ఫోన్లలో కెమెరాలు వచ్చిన కొత్తలో ఎవరో ఆ అరుపును పట్టి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఇంకెవరో దాన్ని కోసి, తాగి కాలవలో జారేవాడి వీడియోకు, ఔటైనా క్రీజు వదలని ఆటగాడి వీడియోకు తగిలించారు. తిరుపతి బస్సులో బ్రేకు పడి జనం ముందుకు తూలితే, వెనక సీటునుంచి ఎవరో ఒకరు అదే మాట అనేవారు.

లెక్కలు నాకు బళ్లో వచ్చినవి కావు, సొంతంగా పట్టుకున్నవి. ఇంటర్నెట్ సెంటర్లో ఆ వీడియో కింది అంకె చూసి, గజానికి ముగ్గురు చొప్పున లెక్కకట్టి, బావ టైలరు కొట్టుకు పోయి, "మన మైదానం ఐదుసార్లు నిండేంత మంది సూసినారు బావా" అన్నాను.

"అందరూ నవ్వినోళ్లేనా?"

నేను కిందపడ్డ గుడ్డముక్కలు ఏరసాగాను. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ, "ఆడ ఫోన్లల్లో నవ్వితే నవ్వనీ. ఈ ఏడు మైదానంలో గూడా నవ్వినారంటే, ఇదే నా ఆఖరి వేషం" అన్నాడు.

ఆ ఏడు జాతరకు ఎక్కడెక్కడి కుర్రాళ్లో ఫోన్లు పైకెత్తుకుని వచ్చారు. బావ ఇంకా బొమ్మ కాళ్ల దగ్గరే ఉన్నాడు. వాళ్లు ఆగలేక, అందరూ ఒక్కసారిగా ఆ మాట అరిచారు. గద వేషగాడిది ఏళ్ల తరబడి అలవాటు. మాట వినపడింది, కొట్టేశాడు. కుండ పగిలి ఎర్రనీళ్లు పారాయి. రాజు మాత్రం నిటారుగా నిలబడి ఉన్నాడు. మైదానమంతా ఒకటే నవ్వు.

బావ కిరీటం తీసి పక్కకు నడిచాడు. ముందు వరసలో ఒక ముసలామె లేచింది.

"యాడికప్పా పోతా ఉండావు? వాళ్లు అరిసింది లెక్కగాదు. నువ్వు సెప్పి పడితే గదా, మేం పొయ్యి ఇంత ముద్ద తినేది!"

ఆమె వెనక ఆడవాళ్లు కుర్రాళ్ల వైపు తిరిగి తిట్లు అందుకున్నారు. కొన్ని ఫోన్లు దిగాయి.

బావ కిరీటం మళ్లీ పెట్టుకుని బొమ్మ మీదికెక్కాడు. ఈసారి అరవలేదు. పక్కవాడితో చెప్పుకున్నట్టు అన్నాడు ఆ మాట. వెనకవాళ్లు వినపడక ఊరకుండిపోయారు. ఒకడు కిసుక్కుమన్నాడు గానీ, తన నవ్వు తనకే వినపడి ఆపేశాడు. గద వేషగాడు పగిలిన పెంకుల మీదే ఇంకో దెబ్బ వేశాడు. బావ వెనక్కి వాలాడు. ఆడవాళ్లు మట్టికోసం వంగారు.

సాయంత్రం ఆయన కొబ్బరినూనెతో ముఖం రంగు తుడుచుకుంటుంటే, "వచ్చే ఏడు బావా?" అని అడిగాను.

"ఏస్తా. ముందు ఆ గదవోణ్ణి సెవులు కడుక్కోని రమ్మను."