సైడిచ్చినందుకు

నిన్న మా కోడలు డ్రైవింగు పరీక్షలో ఫెయిలైంది. ఈ ఒక్క ముక్క రాయడానికే నాకు ఒళ్ళు మండిపోతోంది, ఎందుకంటే ఆమె బండి నడపడం రాక ఫెయిల్ కాలేదు, ఎదురొచ్చిన బండికి సైడిచ్చినందుకు ఫెయిలైంది. నా ఈడు వాళ్ళు, ముఖ్యంగా చర్ల దారుల్లోనూ ములకలపల్లి దారుల్లోనూ దుమ్ము మింగుతూ ఉద్యోగాలు చేసినవాళ్ళు, ఇది చదివి ముసలమ్మ ఏదో పొరపాటు రాసిందనుకుంటారేమో, పొరపాటేమీ లేదు, జరిగిందే రాస్తున్నాను.

మా అబ్బాయికి ఒక ట్రాలీ బండి ఉంది, పామాయిల్ తోటల నుంచి గెలలు ఎత్తుకుని ఫ్యాక్టరీకి తోలేవాడు. ఆ గెలే ఒకటి జారి మోకాలి మీద పడ్డాక వాడు క్లచ్ తొక్కలేకపోతున్నాడు, బండి మా వాకిట్లో కోళ్ళకు నీడనివ్వడానికి తప్ప ఎందుకూ పనికిరాకుండా నిలబడింది. కోడలు చర్ల అవతలి ఊరి పిల్ల, పెళ్ళికి ముందే తండ్రి ట్రాక్టరు తోలింది. ఆమె చేతికి లైసెన్సు వస్తే మర్నాటి నుంచే బండి కదులుతుంది, రాకపోతే తోటల వాళ్ళు ఇంకొకరి బండి మాట్లాడుకుంటారు, వాళ్ళు మాత్రం ఎంతకాలమని ఆగుతారు? ఇల్లు గడవడం ఇప్పుడు ఆ కార్డు మీదే ఆధారపడి ఉంది.

సైడివ్వడం అంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు విడమరచి చెప్పాలి. నేను నర్సమ్మగా ఉద్యోగంలో చేరిన కొత్తలో, టీకాల డబ్బా వెనక కట్టుకుని అడవి ఊళ్ళు తిరగడానికి ఒక మోపెడ్ కొనుక్కున్నాను. అప్పటి దారుల్లో తారు ఒక్క బండికి సరిపడా ఉండేది, ఎదురుగా ఇంకొకటి వస్తే ఎవరో ఒకరు పక్కనున్న మట్టిలోకి దిగాల్సిందే. ఎవరు దిగాలన్నది ఏ పుస్తకంలోనూ లేదు గాని అందరికీ తెలుసు, ఖాళీ బండి దిగాలి, లోడు బండి తారు మీదే పోవాలి, పోతూ పోతూ ఆ డ్రైవరు చెయ్యెత్తాలి. వెదురు లారీకి జీపు దిగేది, తునికాకు ట్రాక్టరుకు నా మోపెడ్ దిగేది, ఇక మంచం మీద రోగిని మోసుకుంటూ దవాఖానాకు నడిచొచ్చే వాళ్ళు ఎదురైతే ఆ లోడు లారీ కూడా కిక్కురుమనకుండా దిగి ఇంజను ఆపేది. అలా దిగి నిలబడ్డ లారీ డ్రైవర్లలో తాగుబోతులున్నారు, నోటి దురుసు వాళ్ళున్నారు, కానీ సైడివ్వనివాణ్ణి నేను చూసి ఎరగను.

నా లైసెన్సూ అలాంటి దారి మీదే వచ్చింది. లైసెన్సులిచ్చే బ్రేకిన్‌స్పెక్టరు మా మండలానికి క్యాంపు వచ్చేవాడు. ఆయన సత్యహరిశ్చంద్రుడని నేను చెప్పను, సాయంత్రం తిరిగి వెళ్ళేటప్పుడు జీపు వెనక నాటుకోళ్ళు అరుస్తూ ఉండేవి. బడి మైదానంలో సుద్దతో గీసిన ఎనిమిది మీద తిప్పించి, తరవాత రోడ్డు మీదికి పంపి, తాను కల్వర్టు మీద కూర్చుని చూసేవాడు. కాలు కింద పెడితే ఫెయిలు, అది అందరికీ తెలిసిన రూలు. చీరకొంగు నడుముకు దోపుకుని నేను బయలుదేరానో లేదో వంకర దాటుకుని వెదురు లారీ ఎదురొచ్చింది. నేను మట్టిలోకి దిగాను, దిగాక కాలు పెట్టక తప్పలేదు. ఏడుపు మొహంతో వెనక్కొస్తే ఆయన కళ్ళద్దాలు తీసి ఎందుకు దిగినవమ్మా అని అడిగాడు.

"అది లోడు బండి సార్. అది దిగితే మళ్ళ ఎక్కలేదు, నేనైతే ఎక్కుత."

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని సంతకం పెట్టాడు. కోళ్ళు పట్టుకెళ్ళిన మనిషే, కానీ ఎందుకు అని అడిగాడు, చెప్పింది విన్నాడు.

ఇప్పుడు ఆ పరీక్ష ఒక ప్రైవేటు కంపెనీ పెడుతోంది. ఊరి బయట పొలాల మధ్య రేకుల గేటు, లోపల సిమెంటు దారులు, పసుపు గీతలు, స్తంభానికొక కెమెరా, చల్లటి గదిలో పెద్ద తెర. పక్కన కూర్చునే మనిషంటూ ఎవరూ లేరు, అంతా మిషనే చూసుకుంటుందన్నారు. కోడలు ఎనిమిది తిప్పింది, వెనక్కి నడిపింది, ఎత్తు మీద ఆపి జారనివ్వకుండా ఎక్కించింది, నేను చెట్టు కింద కూర్చుని మురిసిపోతున్నాను. చివరి వంకరలో కంపెనీ వాళ్ళ నీళ్ళ ట్యాంకరు, మొక్కలకు పోయడానికి నిండుగా నింపుకుని, రాకూడని దారిలో ఎదురొచ్చింది. మా పిల్ల తన ఖాళీ ట్రాలీని గీత దాటించి మట్టిలోకి దింపి ఆపింది, ట్యాంకరు డ్రైవరు చెయ్యెత్తి పోయాడు, ఆమె మళ్ళీ పైకెక్కి ముగించుకొచ్చింది. తెర మీద ఎర్రగా ఫెయిల్ అని పడింది.

కౌంటరులో కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు, ఆ మర్యాదకే నాకు ఇంకా మండింది. గీత దాటింది కాబట్టి సిస్టమ్ తీసుకోదట, ట్యాంకరు ఎందుకొచ్చిందో సిస్టమ్‌కు తెలియదట, మళ్ళీ తేదీ తీసుకుని రమ్మన్నాడు. ఎవరితో మాట్లాడాలని అడిగితే గోడ మీది ఫోన్ నంబరు చూపించాడు, చేస్తే అక్కడా ఒక మిషనే పలికింది. ఇంతలో ఆ ట్యాంకరు డ్రైవరే గది గుమ్మంలోకి వచ్చి, తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మా ములకలపల్లి వైపు మనిషేనని మాట వినగానే తెలిసింది.

"నాకే సైడిచ్చింది సారూ. తప్పు నాది. ఆ అమ్మ దిగకపోతే నేను గుద్దుదును."

కుర్రాడు తెర వంకే చూస్తూ అది రాయడానికి ఆప్షన్ లేదన్నాడు. నేను అక్కడ గట్టిగానే అరిచానని ఒప్పుకుంటాను, చల్లగదిలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. గుద్దుకుని ఉంటే పాసయ్యేదా అని అడిగాను. కుర్రాడు నా వెనకున్న మనిషిని కాగితాలు ఇమ్మన్నాడు.

ఇవాళ పొద్దున్నే కోడలు వాకిలి ముందు బాట మీద ముగ్గుపిండితో రెండు గీతలు గీసి, అత్తా నువ్వు బండేసుకుని ఎదురు రా అంది. ఎందుకని అడిగాను.

"దిగకుండ అలవాటు చేసుకోవాలె. ఈసారి ఎవరొచ్చినా దిగనత్తా."

మంచంలో మా అబ్బాయి వింటున్నాడు. పాత స్కూటీ తీసి ఎదురెళ్ళాను. మొదటిసారి పాపం ట్రాలీతో మట్టిలోకి దిగిపోయింది, రెండోసారీ దిగింది, దిగొద్దని నేనే కసిరాను. మూడోసారి దిగలేదు. చేతులు రెండూ స్టీరింగుకు బిగించి, చూపు గీతల మీద పెట్టి నేరుగా వచ్చింది, నా చెయ్యే దానంతటది తిరిగి, ఈ వయసులో స్కూటీతో సహా నేను మట్టిలోకి దిగి కాలు కింద పెట్టాను. ఆమె నన్ను దాటుకుని వెళ్ళిపోయింది, చెయ్యెత్తలేదు.

పాసైనట్టే బిడ్డా అన్నాను.